ఏ-10నూ ఎఫ్-35నూ పట్టికల్లో తూచే విశ్లేషకులకు బహిరంగ లేఖ

రక్షణ వ్యవహారాల మీద వ్యాసాలు రాసే, వీడియోలు చేసే మిత్రులకు,

నమస్కారం. అమెరికా పాత దాడి విమానం ఏ-10 గొప్పదా, రాడార్‌కు చిక్కకుండా కట్టిన (స్టెల్త్) కొత్త యుద్ధవిమానం ఎఫ్-35 గొప్పదా అన్న పోలిక మీలో చాలామంది చేసే ఉంటారు. ఎడమ గడిలో ఒకటి, కుడి గడిలో మరొకటి. వేగం, ఎత్తు, ఇంజన్ బలం, మోసే బరువు, ధర. అన్నిటికీ కింద ఒక విజేత. ఆ అంకెల్లో తప్పులు తక్కువే. చిక్కల్లా ఆ గడుల్లో ఎక్కడా అసలు పని కనిపించకపోవడమే. మాక్ 1.6 వేగంతో, అంటే ధ్వనికి 1.6 రెట్ల వేగంతో పోయే విమానం పక్కన గంటకు 700 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే విమానాన్ని నిలబెట్టి ఏది వేగంగా పోతుందో చెప్పడానికి విశ్లేషకుడు అక్కర్లేదు.

ఆ పని పేరు క్లోజ్ ఎయిర్ సపోర్ట్: నేల మీద పోరాడుతున్న సొంత దళానికి దగ్గర్లో ఉన్న శత్రువును విమానంతో కొట్టడం. ఇందులో 'క్లోజ్' అన్న మాట విమానం ఎంత కిందుగా ఎగురుతోందో చెప్పదు. బాంబు పడే చోటికీ సొంత సైనికులున్న చోటికీ మధ్య దూరాన్ని చెబుతుంది. తొమ్మిది వేల మీటర్ల ఎత్తు నుంచి బీ-52 బాంబర్ వదిలిన బాంబు కూడా సొంత దళానికి దగ్గర్లో, ఆ దళంతో మాట్లాడుకుని వేస్తే క్లోజ్ ఎయిర్ సపోర్టే. చెట్ల కొమ్మలు తాకేంత కిందుగా వెళ్ళి, నేల మీద ఎవరితోనూ మాట్లాడకుండా రాకెట్లు వదిలి వచ్చేస్తే అది కాదు. ఈ ఒక్క తేడా పట్టుకోకపోతే తర్వాత రాసేదంతా మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టినట్టే.

పని ఎలా జరుగుతుందో చూడండి. నేల మీద దళంతో పాటు ఒక కంట్రోలర్ ఉంటాడు. జేటాక్ అంటారు. అతను రేడియోలో తొమ్మిది వరుసల సమాచారం ఒక నిర్ణీత క్రమంలో చెబుతాడు. మొదటి మూడూ దాడి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఏ దిశలో, ఎంత దూరం అనేవి. నాలుగోది లక్ష్యమున్న నేల ఎత్తు. ఐదోది లక్ష్యం ఏమిటో, ఆరోది ఎక్కడో. ఏడోది దాన్ని దేనితో గుర్తు పెడుతున్నారో: లేజరా, పొగా, పరారుణ పాయింటరా. ఎనిమిదోది సొంతవాళ్ళు ఎటు, ఎంత దూరంలో ఉన్నారు. తొమ్మిదోది దాడి అయ్యాక ఎటు తిరిగి పోవాలి. ఆపైన ఆంక్షలు: ఫలానా దిశ నుంచే రావాలి, ఫలానా సమయంలోనే వేయాలి అని. పైలట్ వీటిలో నాలుగో వరుసనూ, ఆరో వరుసనూ, ఆంక్షలనూ తిరిగి చదివి వినిపించాలి. అవి సరిపోలాకే అనుమతి.

నాలుగో వరుస మీద అంత పట్టుదల ఎందుకంటారా? 45 డిగ్రీల కోణంలో దిగే బాంబుకు నేల ఎత్తు 30 మీటర్లు తప్పు చెబితే అది 30 మీటర్లు అవతలో ఇవతలో పడుతుంది. 30 డిగ్రీల కోణంలో దిగేదయితే 52 మీటర్లు. కొండ ప్రాంతంలో అడుగుల్లో చెప్పిన ఎత్తును మీటర్లనుకుంటే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ పొరపాటును రెక్కల ఆకారమూ సరిదిద్దదు, రాడార్‌కు దొరకకుండా పూసిన పూతా సరిదిద్దదు.

ఈ పనిలో సొంతవాళ్ళే చనిపోయిన సంఘటనలను వరుసగా పెట్టి చూస్తే పట్టికల సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. 2001 డిసెంబరు 5న కాందహార్‌కు ఉత్తరాన ఒక కంట్రోలర్ తన జీపీఎస్ పరికరంలో బ్యాటరీ మార్చాడు. పరికరం తిరిగి వెలిగినప్పుడు తెర మీద లక్ష్యం స్థానానికి బదులు తన సొంత స్థానాన్నే చూపించింది. ఆ అంకెలే పైకి వెళ్ళాయి. బీ-52 వదిలిన 900 కిలోల బాంబు చెప్పిన చోటే, పొల్లు పోకుండా పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులు, వాళ్ళతో ఉన్న అఫ్గాన్ సైనికులు కొందరు చనిపోయారు. 2014 జూన్ 9న జాబుల్ ప్రాంతంలో బీ-1బీ విమానం కిందివాళ్ళు పెట్టుకున్న పరారుణ దీపం వెలుగు కోసం తన టార్గెటింగ్ పాడ్‌లో (లక్ష్యాలను చూసే కెమెరా పెట్టెలో) వెతికింది. ఆ పాడ్‌కు ఆ రకం వెలుగు కనిపించదు. సిబ్బందికి ఆ సంగతి తట్టలేదు. దీపం కనిపించలేదు కాబట్టి అక్కడున్నది శత్రువేనన్న నిర్ణయానికి వచ్చారు. అయిదుగురు అమెరికన్లు, ఒక అఫ్గాన్ సైనికుడు పోయారు.

అందుకే కిందికి దిగి కళ్ళతో చూసే విమానమే కావాలంటారు ఏ-10 అభిమానులు. మరి 1991 ఫిబ్రవరి 26న ఇరాక్‌లో రెండు బ్రిటిష్ వారియర్ కవచ వాహనాలను పేల్చి తొమ్మిది మందిని చంపింది ఏ-10లే. 2003 మార్చి 28న బస్రా పక్కన బ్రిటిష్ వాహనాల పైకప్పుల మీద పరిచిన నారింజ రంగు గుర్తింపు పట్టీలను ఏ-10 పైలట్లు రాకెట్లనుకున్నారు. ఒక సైనికుడు చనిపోయాడు. కళ్ళతో చూశారు, గుర్తులూ ఉన్నాయి, అయినా తప్పింది. మనసు ముందే ఒక నిర్ణయానికి వచ్చాక కన్ను ఆ నిర్ణయానికి సాక్ష్యాలు ఏరుకుంటుంది. కాక్‌పిట్‌లోనూ అంతే, తెర ముందూ అంతే.

కాబట్టి మొదట అడగాల్సింది విమానం పేరు కాదు. పైనున్నవాడూ కిందున్నవాడూ ఒకే చోటును చూస్తున్నారని ఇద్దరికీ ఎంత త్వరగా రూఢి అవుతుంది? ఈ కొలతలో ఎఫ్-35 వెనకబడిందంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. 2016 ఆగస్టులో తన రకమైన ఎఫ్-35ఏ యుద్ధానికి సిద్ధమని అమెరికా వైమానిక దళం ప్రకటించింది. అప్పటికి దాని ముక్కు కింద అమర్చిన కెమెరా వ్యవస్థలో పరారుణ పాయింటర్ లేదు. తను చూస్తున్న వీడియోను కింద కంట్రోలర్ చేతిలోని తెరకు పంపే సదుపాయమూ లేదు. పాత విమానాలకు తగిలించే లైటెనింగ్, స్నైపర్ పాడ్‌లలో ఆ రెండూ ఉన్నాయి. వీడియో అందితే కంట్రోలర్ 'ఇదే, ఈ ఇల్లే' అనేస్తాడు. లేకపోతే 'పెద్ద చెట్టు కనిపిస్తోందా, దానికి ఉత్తరాన ఉన్న గోడ చూడు, ఆ గోడ చివర రెండో ఇల్లు' అంటూ మాటలతోనే నడిపించుకుపోవాలి. ఇది స్టెల్త్ వల్ల వచ్చిన లోటు కాదు, తర్వాతి మార్పుల్లో పూడ్చదగ్గది. అందుకే రాసేటప్పుడు ఏ సంవత్సరపు ఎఫ్-35, ఏ సాఫ్ట్‌వేర్ బ్లాక్ (వెర్షన్) అన్నది కూడా రాయండి. వట్టి 'ఎఫ్-35' అని రాస్తే సగం సమాచారమే.

ఇక గన్. పోలికల్లో ఎక్కువ ఉద్వేగం దీని చుట్టూనే, ఎక్కువ పొరపాట్లూ ఇక్కడే.

ఏ-10లోని జీఏయూ-8కు ఏడు గొట్టాలు, 30 మిల్లీమీటర్ల గుళ్ళు. డ్రమ్ములో 1,174 పడతాయి, మామూలుగా 1,150 నింపుతారు. నిమిషానికి 3,900 గుళ్ళు, అంటే సెకనుకు 65. గొట్టాలు తిరుగుడు అందుకునే మొదటి సెకనులో మాత్రం 50 దాకా వెళతాయి. ఎఫ్-35ఏలోని జీఏయూ-22కు నాలుగు గొట్టాలు, 25 మిల్లీమీటర్లు, నిమిషానికి 3,300, నింపేది 180 పైచిలుకు. భాగిస్తే మూడున్నర సెకన్లు కూడా రాదు. సెకను చొప్పున పేలిస్తే మూడు సార్లు, ఆ తర్వాత బాంబులే గతి. ఎఫ్-35బీ, సీ రకాల్లో లోపల గన్నే లేదు. కడుపు కింద 220 గుళ్ళ పాడ్ తగిలించాలి. పైగా ఎఫ్-35ఏ గన్ బిగించిన తీరులోనే వాలు ఉందనీ, గురి ఆమోదించదగినట్టు లేదనీ పెంటగాన్ సొంత పరీక్షల విభాగమే తన వార్షిక నివేదికల్లో రాసింది. గుళ్ళు తక్కువన్నది ఒక లోపం. ఉన్న గుళ్ళు చూసిన చోట పడకపోవడం అంతకన్నా పెద్ద లోపం. ఎందుకంటే సొంతవాళ్ళు మరీ దగ్గరగా ఉండి బాంబు వేయలేనప్పుడే గన్ తీస్తారు.

అలాగని జీఏయూ-8కు హారతి పట్టకండి. 1,200 మీటర్ల దూరం నుంచి పేలిస్తే దాని గుళ్ళలో 80 శాతం సుమారు 12 మీటర్ల వ్యాసమున్న వృత్తంలో పడతాయి. ఇసుక బస్తాల వెనక ఉన్నవాళ్ళకూ, లారీలకూ, తేలిక కవచాలకూ అది చాలు. యుద్ధ ట్యాంకు ముందు కవచానికి చాలదు. పక్క నుంచో, వెనక నుంచో, పైనుంచో తగిలితేనే పని జరుగుతుంది. 1991లో ఇరాకీ ట్యాంకుల మీద ఏ-10ల ప్రధానాయుధం మావెరిక్ క్షిపణి. ఆ క్షిపణి పరారుణ చూపునే రాత్రిళ్ళు బైనాక్యులర్‌లా వాడుకున్నారు పైలట్లు, విమానంలో వేరే సాధనం లేక. పురాతనమైన ఆ ఏర్పాటును వదిలేసి గన్ మోతను మాత్రమే వీడియోల్లో పెట్టడం బాగా అలవాటైపోయింది.

నెమ్మదితనం లోపమని మీ పట్టికలు చెబుతాయి. దీన్ని ఒక లెక్కతో చూద్దాం. 3 జీ బలంతో, అంటే భూమ్యాకర్షణకు మూడు రెట్ల బలంతో మలుపు తిరుగుతున్న విమానం 300 నాట్ల వేగంలో ఉంటే, అంటే సెకనుకు 154 మీటర్లయితే, దాని మలుపు వృత్తం వ్యాసం సుమారు 1.7 కిలోమీటర్లు. అదే మలుపు 450 నాట్ల వేగంలో తిరిగితే 3.8 కిలోమీటర్లు దాటుతుంది. మబ్బు కిందికి దిగి, చుట్టూ 3 కిలోమీటర్లే కనిపించే రోజు ఊహించండి. మొదటి పైలట్ చుట్టూ తిరుగుతున్నంతసేపూ లక్ష్యం కంటి ముందే ఉంటుంది. రెండో పైలట్ వృత్తానికి అటు చివర లక్ష్యాన్ని పోగొట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ వెతుక్కోవాలి. ఎఫ్-35 కూడా వేగం తగ్గించుకోవచ్చుగా అంటారా? తగ్గించుకోవచ్చు. కానీ కింద నెమ్మదిగా తిరిగే విమానానికి తుపాకీ గుళ్ళు తగులుతాయి, ఆ దెబ్బలు ఓర్చుకునే కట్టడం అందులో లేదు. మబ్బు పైనే ఉండి రాడార్‌తో నేలను చిత్రించి, జీపీఎస్ బాంబు వేసే మార్గమూ ఉంది. అది ఎఫ్-35కు బలం. అయితే అప్పుడు భారమంతా కంట్రోలర్ ఇచ్చే అంకెల మీద పడుతుంది. కాందహార్ దగ్గరి బ్యాటరీని గుర్తు చేసుకోండి.

నాణేనికి రెండో వైపు: ఏ-10 బలహీనమైన విమానం. రెండు ఇంజన్లూ కలిపి ఇచ్చే తోపు 18,000 పౌండ్ల చిల్లర, నిండుగా ఎక్కిస్తే బరువు 50,000 పౌండ్ల పైమాట. వేడి రోజున, ఎత్తైన పీఠభూమి మీద, బాంబులతో మలుపు తిరిగితే వేగం ఇట్టే కరిగిపోతుంది. దూరం నుంచి పిలుపు వస్తే చేరేసరికి ఆలస్యం: 300 కిలోమీటర్లకు దానికి అరగంట పైన పడితే ఎఫ్-35కు ఇరవై నిమిషాలు చాలు. ఏ-10 ముందే అక్కడ తిరుగుతూ ఉంటే ఆ తేడాకు అర్థం లేదు. 460 కిలోమీటర్ల దూరంలో దాదాపు గంటా నలభై నిమిషాలు కాపలా తిరగగలిగేలా దాన్ని రూపొందించింది అందుకే.

దెబ్బ తట్టుకోవడం, దెబ్బ తప్పించుకోవడం వేర్వేరు విద్యలు. ఏ-10 మొదటి దానికి పుట్టింది: పైలట్ చుట్టూ 540 కిలోల టైటానియం తొట్టి, ఒకదాని మంట ఇంకోదానికి అంటకుండా ఎడంగా పెట్టిన ఇంజన్లు, వాటి వేడిని కింది నుంచి కొంత దాచే తోకలు, నురగ నింపిన ఇంధన ట్యాంకులు, రెండు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోతే చేతి బలంతో తీగలు లాగి నడిపే ఏర్పాటు. 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద దెబ్బ తిన్న విమానాన్ని పైలట్ కిమ్ క్యాంప్‌బెల్ ఆ తీగలతోనే వెనక్కి తెచ్చి దించింది. ఇంజన్ల మధ్య ఎడం లేకపోతే ఏమవుతుందో సోవియట్ దాడి విమానం సు-25 అఫ్గానిస్తాన్‌లో నేర్పింది. దాని ఇంజన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి క్షిపణి తగిలితే రెండోదీ అంటుకునేది. తర్వాత మధ్యలో ఉక్కు పలక పెట్టాల్సి వచ్చింది.

ఎఫ్-35 రెండో విద్యకు పుట్టింది. ఒకే ఇంజన్. బరువు తగ్గించడానికి కొన్ని మంటల రక్షణ భాగాలనూ, ఇంధనం కారిపోకుండా ఆపే భాగాలనూ తీసేశారని పరీక్షల విభాగమే తప్పుపట్టింది. అది తగలకుండా ఉండాలి, అంతే. రాడార్‌తో వెతికే దూరపు క్షిపణుల ముందు ఆ లెక్క బ్రహ్మాండంగా పనిచేస్తుంది. భుజం మీంచి పేల్చే ఇగ్లా, స్టింగర్ క్షిపణులు వెతికేది రాడార్ ప్రతిధ్వనిని కాదు, వేడిని. 43,000 పౌండ్ల తోపు ఇచ్చే ఇంజన్‌కు వేడి తక్కువేమీ ఉండదు. విమాన విధ్వంసక తుపాకీ వెనక కూర్చున్నవాడు వాడేది కన్ను. ఆ కంటికి స్టెల్త్ లేదు. ఈ చిన్న క్షిపణులు అందే ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అంతకు బాగా పైన, 4,500 మీటర్ల దగ్గర ఉంటే వాటి బెడద తీరుతుంది. ఆ ఎత్తు నుంచి గైడెడ్ బాంబు వేసేటప్పుడు ఏ-10కీ ఎఫ్-35కీ తేడా మీరనుకున్నంత ఉండదు.

మరి ఆ ఎత్తులో పెద్ద క్షిపణులు కాచుకుని ఉంటే? అక్కడ ఏ-10 కథ ముగిసినట్టే, ఈ మాట దాని అభిమానులు ఒప్పుకోవాలి. 1991 ఫిబ్రవరి 15న ఇరాక్ మేటి సైన్యమైన రిపబ్లికన్ గార్డ్ మీదికి వెళ్ళిన ఏ-10లలో రెండు కూలిపోగానే, వైమానిక యుద్ధాన్ని నడిపిస్తున్న జనరల్ హార్నర్ వాటిని ఆ దళాల మీదికి పంపడం ఆపించాడు. అది 35 ఏళ్ళ కిందటి రక్షణ వ్యవస్థ ముందే. 2022 నుంచి ఉక్రెయిన్‌లో రెండు పక్షాల సు-25లూ ఏం చేస్తున్నాయో చూడండి. చెట్ల ఎత్తున వచ్చి, ముక్కు పైకెత్తి, కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి రాకెట్లు విసిరి, క్షిపణులను దారి మళ్ళించే వేడి మంటలు వదులుతూ వెనక్కి తిరుగుతాయి. ఆ రాకెట్లు ఒక పొలం వెడల్పున చెల్లాచెదురుగా పడతాయి. కవచమున్న పాత దాడి విమానం, గట్టి గగనతల రక్షణ ఎదురైతే, ఎగిరే రాకెట్ లాంచర్‌గా మిగులుతుంది. క్లోజ్ ఎయిర్ సపోర్ట్ చేయలేదు.

అక్కడ ఎఫ్-35 చొచ్చుకుపోగలదు. కాకపోతే స్టెల్త్ నిలవాలంటే ఆయుధాలన్నీ కడుపులోని అరల్లోనే ఉండాలి: ఎఫ్-35ఏకు 900 కిలోల బాంబులు రెండు, లేదా చిన్న గ్లైడ్ బాంబులు ఎనిమిది. వంద, రెండు వందల మీటర్ల దూరంలో సొంతవాళ్ళుంటే మొదటిది పిచ్చుకపై బ్రహ్మాస్త్రం. రెండోది నయం. నాలుగున్నర కిలోల వార్‌హెడ్ ఉన్న లేజర్ గైడెడ్ రాకెట్లను ఏ-10 ఒక్కో పాడ్‌కు ఏడు చొప్పున మోస్తుంది. ఎఫ్-35 అరల్లో వాటికి చోటు లేదు. రెక్కల కింద ఆయుధాలు వేలాడదీసే పైలాన్లు తగిలిస్తే ఎఫ్-35 ఎనిమిది టన్నుల దాకా మోస్తుంది, నిజమే. అప్పుడది స్టెల్త్ విమానం కాదు. మీ పట్టికలో 'స్టెల్త్: ఉంది' అన్న గడీ, '8 టన్నులు' అన్న గడీ ఒకే రోజున నిజం కావు.

గంట ఖర్చు గురించి ఒక్క మాట. ఏ ఏడాది డాలర్లు, మరమ్మతులూ మార్పులూ కలిపారా లేదా అన్నది రాయని అంకె పనికిరాదు. అంతకన్నా ముఖ్యం, గంటను కాదు, నెరవేరిన పనిని భాజకం చేయండి.

ఇవన్నీ ఊహల మీద వాదించుకోవాల్సిన అవసరమూ లేదు. ఏ-10లను తీసేసే ముందు రెండిటినీ పక్కపక్కన పరీక్షించాలని 2017 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో అమెరికా కాంగ్రెస్ షరతు పెట్టింది. 2018 జులైలో, 2019 మార్చిలో ఆ పరీక్షలు జరిగాయి. క్లోజ్ ఎయిర్ సపోర్టుతో పాటు, గాలిలోంచి ఇతర విమానాలను లక్ష్యం మీదికి నడిపించడం, కూలిన పైలట్లను కాపాడి తేవడం కూడా వాటిలో ఉన్నాయి. నివేదిక తేదీ 2022 ఫిబ్రవరి. బయటికి వచ్చింది 2023లో, అదీ చాలా వాక్యాలు నల్లగా కొట్టేసి. 2026 ఆర్థిక సంవత్సరానికి వైమానిక దళం మిగిలిన 162 ఏ-10లనూ పక్కన పెడతామని ప్రతిపాదించింది. ఇన్ని జరిగినా మన పోలికల్లో ఆ నివేదిక ప్రస్తావనే అరుదు.

మరొకటి, ఏ పట్టికలోనూ పట్టనిది. ఏ-10 పైలట్ శిక్షణ గంటల్లో సింహభాగం నేల మీది కంట్రోలర్లతో పనిచేయడానికే పోతుంది. ఎఫ్-35 పైలట్ అదే క్యాలెండర్‌లో గగనతల పోరాటం, శత్రు రాడార్ల విధ్వంసం, లోతట్టు దాడులు, వీటన్నిటి మధ్యా దీనికి చోటు వెతుక్కోవాలి. ఎఫ్-35కు పాయింటర్ పెట్టవచ్చు, వీడియో లింకు పెట్టవచ్చు, గన్ వాలు సరిచేయవచ్చు. తొమ్మిది వరుసలు వింటూనే ఎనిమిదో వరుసలో ఏదో తేడాగా ఉందని పసిగట్టి 'ఆగు, మళ్ళీ చెప్పు' అనే అలవాటును మాత్రం ఏ కర్మాగారమూ బిగించి పంపదు. ఏ-10 పోతే ఆ అలవాటున్న స్క్వాడ్రన్లు ఏమవుతాయి, ఆ పైలట్లు ఎక్కడికి వెళతారు అన్నదే అసలు ప్రశ్న అని మా అభిప్రాయం. దానికి జవాబు చెప్పకుండా ఏ విమానాన్ని విజేతగా ప్రకటించినా మేం ఒప్పుకోం.

కాబట్టి ఈసారి పోలిక రాసేటప్పుడు పై వరుసలో విమానాల పేర్లకన్నా ముందు సందర్భాన్ని రాయండి: మబ్బు ఎంత ఎత్తున ఉంది, కింద ఏ క్షిపణులున్నాయి, సొంతవాళ్ళు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నారు, కంట్రోలర్ చేతిలో తెర ఉందా లేక రేడియో ఒక్కటేనా. సందర్భం మారినప్పుడల్లా కింది గడులు మార్చండి. కొన్నిటిలో ఏ-10 వస్తుంది, కొన్నిటిలో ఎఫ్-35, కొన్నిటిలో రెండూ కాక డ్రోనో, హెలికాప్టరో, ఫిరంగి దళమో వస్తుంది. అలా వస్తే అలాగే వదిలేయండి, విజేత కోసం తడుముకోకండి.

అంతవరకూ ఒక చిన్న పని. మీ పాత వీడియోల్లో ఎక్కడైనా ఏ-10 గన్ ట్యాంకు ముందు కవచాన్ని వెన్నలా కోసేస్తుందన్న వాక్యం ఉంటే, ముందు దాన్ని తీసేయండి.

ఇట్లు,
మీ పోలికలను పట్టుబట్టి చివరిదాకా చదివే పాఠకులం